ఒకటిని ఏడుతో భాగిస్తే

“ఈసారి తూకం వేసి పంచు నజీహా. పోయినసారి నా ముక్క చిన్నదొచ్చింది,” అంది మొంజియా వదిన, నేను నువ్వుల హల్వా డబ్బా మూత తీస్తుంటే.

మొంజియా వదిన మా ఆయనకు అక్క. విడాకులయ్యాక తొమ్మిదేళ్ళ కిందట పుట్టింటికి వచ్చేసింది. ఆమె ఆ మాట అనగానే మా అత్తయ్య లల్లా బేయా జపమాల తిప్పడం ఆపి నా చేతుల వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. పెళ్ళయిన పదహారేళ్ళుగా ఆ ఇంట్లో అందరికంటే చివర తినేది నేనే. చివర తినే మనిషికి గిన్నె అడుగున ఏం మిగిలిందో తెలుస్తుంది కాబట్టి, మంచి ముక్క ఏదో నేను దాచుకుంటానని వాళ్ళకు లోలోపల ఒక అనుమానం. నిజానికి గిన్నె అడుగున ఎప్పుడూ మిగిలేది మాడు, లేకపోతే ఎముక. ఆ సంగతి చెప్పి నమ్మించాలని మొదట్లో ప్రయత్నించాను. తర్వాత మానేశాను.

సరేనని తూకం తెచ్చాను. డబ్బా కిలో. ఇంట్లో ఏడుగురం: అత్తయ్య, వదిన, మా ఆయన షెద్లీ, నేను, ముగ్గురు పిల్లలు. మందుల షాపువాడు అత్తయ్య మాత్రలు వేసిచ్చిన కాగితం సంచి గట్టు మీద కనిపిస్తే, దాని వెనక వెయ్యిని ఏడుతో భాగించాను. నూట నలభై రెండు. అక్కడితో ఆగాలి. మా వంటింటి తూకం అంతకు మించి చెప్పదు కూడా. కానీ నేను ఆగలేదు. చుక్క పెట్టి, మిగిలిన ఆరు పక్కన సున్నా వేసి భాగిస్తూ పోయాను. ఎనిమిది, ఐదు, ఏడు. ఆ తర్వాత మళ్ళీ ఒకటి, నాలుగు, రెండు. మళ్ళీ ఎనిమిది, ఐదు, ఏడు. పొయ్యి మీద బార్లీ రవ్వతో చేసే కుస్కుస్ గిన్నె లోంచి ఆవిరి ఎగదన్నుతోంది. నేను వేలు పెట్టి ఒక్కో అంకె మీదుగా వెళ్ళి, మొదటికి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. 142857. ఎంతసేపు భాగించినా అవే ఆరు అంకెలు, అదే వరస.

“ఏం రాస్తున్నావు అంతసేపు?” అంది వదిన.

వాటాలు, అన్నాను. అందరికీ సమంగా తూచి పెట్టాను. ఆ ఇంట్లో మొదటిసారి నా పళ్ళెంలో కూడా అందరికెంతో నాకూ అంతే ఉంది. కానీ ఆ రోజు నాకు హల్వా రుచి గుర్తులేదు.

లెక్కలంటే నాకు భయం లేదని చెప్పుకోవాలి. మహ్దియాలో మా నాన్న పడవలకు వలలు అల్లేవాడు. ఆయన కూతురు లీసేలో, అంటే పెద్ద బళ్ళో, లెక్కల విభాగంలో ఆఖరి సంవత్సరం దాకా వచ్చిందంటే ఊళ్ళో అదొక వింత. బడి చదువు ముగించే బాకలోరియా పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయనగా స్ఫాక్స్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లాడు మగపిల్లల లీసేలో పర్యవేక్షకుడు, ప్రభుత్వ జీతం, గ్రెమ్దా రోడ్డులో నాలుగో కిలోమీటరు దగ్గర బాదం చెట్లున్న సొంత ఇల్లు. పరీక్ష రాసి పెళ్ళి చేసుకుంటానంటే షెద్లీ నవ్వి, “రాసి ఏం చేస్తావు? మన ఇంట్లో లెక్కలు నేను చూసుకుంటాగా,” అన్నాడు. అందులో కోపం లేదు, ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే నేను కాదనలేకపోయాను. ఆ తర్వాత పదహారేళ్ళు నేను భాగించినవి మాంసం ముక్కలు, చేప ముక్కలు, పిల్లల స్నానానికి వేడినీళ్ళు, అత్తయ్య మాత్రల్లో సగాలు, వదిన మనసు బాగున్న రోజుకీ బాగోలేని రోజుకీ మధ్య నా మాటలు.

ఆ వారమంతా ఆ సంఖ్య నన్ను వదల్లేదు. బట్టలు ఉతుకుతూ దాన్ని రెండుతో గుణించాను. 285714. అవే అంకెలు. మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి వచ్చినట్టున్నాయి. మూడుతో గుణిస్తే 428571. నాలుగుతో 571428. ఐదుతో, ఆరుతో కూడా అంతే. ఒక్క అంకె కొత్తది రాదు, ఒక్కటి తప్పిపోదు. ఏడుతో గుణిస్తే తొమ్మిదులు ఆరు. సగానికి విరిచి కలిపితే, 142కి 857, తొమ్మిదులు మూడు. తనను తనతోనే గుణించి చూడాలనిపించి ఒక శుక్రవారం, అందరూ తిని పడుకున్న మధ్యాహ్నం పూట, గిన్నెలు తోమకుండా కూర్చుని చేశాను. 20408122449 వచ్చింది. దాన్ని విరిచి 20408కి 122449 కలిపితే మళ్ళీ 142857.  చేత్తో నోరు మూసుకున్నాను, నవ్వు బయటికి రాకుండా. ఎవరైనా వింటే ఎందుకు నవ్వుతున్నావని అడుగుతారు. ఆడది ఒంటరిగా నవ్వితే దానికి కారణం చూపించాలి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది. అది తెలిశాక ఏడు తర్వాత పదకొండు, పదమూడు, పదిహేడు పట్టుకున్నాను. పదిహేడుతో భాగిస్తే పదహారు అంకెలు వచ్చాక గానీ మొదటికి రాలేదు. మందుల సంచులు, కూరగాయలు చుట్టి ఇచ్చే కాగితాలు, ఎమ్నా పాత నోటుపుస్తకాల అట్టలు, ఏది దొరికితే దాని మీద రాసేదాన్ని. రాసినవి పప్పు డబ్బా కింద కాగితం మడతలో పెట్టుకునేదాన్ని. దాచానంటే దాచాననే చెప్పాలి. ఎందుకు దాచావని తర్వాత వాళ్ళందరూ అడిగారు. ఆ ఇంట్లో నాదంటూ నేను చూపించిన ప్రతిదీ ఎవరో ఒకరికి పనికొచ్చేదిగా మారిపోయింది. పెళ్ళికి తెచ్చుకున్న కుట్టుమిషను వదినది అయింది. మహ్దియా నుంచి తెచ్చుకున్న ఉన్ని కంబళి అత్తయ్య కాళ్ళ మీదికి వెళ్ళింది. ఈ ఒక్కటి ఎవరికీ పనికిరానిది, అది నా దగ్గరే ఉండనీ అనుకున్నాను.

మార్చి మొదట్లో కాగితాలు తగ్గడం మొదలైంది. ముందు నా మతిమరుపే అనుకున్నాను. తర్వాత మడతపెట్టిన తీరు గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాను. రాసిన వైపు లోపలికి మడిచి పెడితే మర్నాటికి బయటికి మడిచి ఉండేది. ఎవరో తీస్తున్నారు, చూస్తున్నారు, కొన్ని తిరిగి పెడుతున్నారు. నేను ఒక్కొక్కరినే గమనించాను. వదిన ఎప్పుడూ లేనిది వంటింట్లోకి వచ్చి “సాయం ఏమైనా కావాలా?” అని అడుగుతోంది. తొమ్మిదేళ్ళలో ఆమె నోట ఆ మాట వినలేదు. అత్తయ్య నేను బ్రెడ్డుకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ గోడ గడియారం చూస్తోంది. షెద్లీ పదిన్నరకు, పదకొండుకు, లీసేలో ఉండాల్సిన వేళ తలుపు తీసుకుని వచ్చేస్తున్నాడు. ఏమైందంటే కళ్ళజోడు మర్చిపోయానంటాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంటుంది.

మా ఇంటికి ఫోను వచ్చి అప్పటికి ఏడాది. దాని డయలు మీద షెద్లీ చిన్న తాళం వేసి పెట్టేవాడు. వదిన ట్యూనిస్‌లో స్నేహితురాలితో గంటలకొద్దీ మాట్లాడుతోందని వేసిన తాళం అది. తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. ఒక మధ్యాహ్నం నేను ఇంటి వెనక దుప్పట్లు ఆరేసి వస్తుంటే, ఆయన ఫోను దగ్గర నిలబడి ఉన్నాడు. తాళం తీసి ఉంది. ఎడమచేతిలో కాగితం, కుడిచెయ్యి డయలు తిప్పుతోంది. అవతల ఎవరో ఎత్తారు. ఆయన మాట్లాడలేదు. వింటూ నిలబడి, పెట్టేశాడు. నేను అనుకున్నాను, ఈయనకు ఎవరో ఉన్నారు. రెండు రోజులు ఆ అనుమానంతోనే పనులు చేశాను. నేను ఆయన్ను అనుమానిస్తున్న ఆ రెండు రోజులూ ఆయన నన్ను అనుమానిస్తున్నాడని నాకు తెలీదు. 

మూడో రోజు ఆయన మధ్యాహ్నమే వచ్చి వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాడు. పద్నాలుగు. ఇరవై ఏళ్ళుగా లీసేలో పిల్లలు బెంచీల కింద నుంచి అందించుకునే చీటీలు పట్టుకుని విప్పి చదవడమే ఆయన ఉద్యోగం. అలాగే వరసలో పెట్టాడు, అంచులు కలిపి. గుమ్మంలో వదిన నిలబడింది.

“ఇవి ఎవరి నంబర్లు?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన వేలు 285714 కింద పెట్టాడు. అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో ఫోను నంబర్లు ఆరు అంకెలు. చాలా వాటికి మొదటి అంకె రెండే.

“ఇది నేను చేశాను. మగవాడు ఎత్తాడు,” అన్నాడు. “దగ్గాడు. ‘ఎవరు? నువ్వేనా?’ అన్నాడు. నువ్వేనా అంటే ఎవరు నజీహా?”

వదిన పదిహేడుతో భాగించిన కాగితం ఎత్తి చూపించింది. అందులో పదహారు అంకెలున్నాయి. “ఇది పరాయి దేశం నంబరయ్యుంటుంది. ఇంత పొడుగు ఇక్కడివి ఉండవు.”

నాకు నవ్వు వచ్చింది, అదే నేను చేసిన తప్పు. నవ్వగానే షెద్లీ మొహం తెల్లబడింది. నేను గబగబా చెప్పాను, హల్వా సంగతి, వెయ్యిని ఏడుతో భాగించడం, గుణించడం. ఫోనుకు తాళం ఉంది కదా, నేనెలా చేస్తానని అడిగాను. బేకరీ పక్కన నాణెం వేసి మాట్లాడే ఫోను ఉందిగా, అంది వదిన. దాని మీద ఇంతకుముందే ఆలోచించి పెట్టుకున్నట్టు అంది. షెద్లీ లీసే నుంచి తెచ్చిన కాలిక్యులేటర్ తీసి నొక్కాడు. రెండుతో, మూడుతో. ఆరుదాకా నొక్కి, మళ్ళీ మొదటి నుంచి నొక్కాడు. ఆయన మొహంలో ఏదో వదులైంది. నా దగ్గరికి వచ్చి చూస్తాడనుకున్నాను, చూడు ఎంత బాగుందో అంటాడనుకున్నాను. ఆయన కాలిక్యులేటర్ మూసి పెట్టి అడిగాడు.

“సరే. ఇది నీకు ఎవరు నేర్పారు?”

ఎవరూ నేర్పలేదు.

“ఇలాంటివి ఊరికే కూర్చుంటే రావు. నేను రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కల మాస్టర్ల మధ్య తిరుగుతాను. నాకు తెలీనిది నీకెలా తెలుస్తుంది? పదహారేళ్ళలో ఎప్పుడైనా అంకెల గురించి మాట్లాడావా?”

నువ్వెప్పుడైనా అడిగావా, అన్నాను. అది ఆయనకు ఒప్పుకోలులా వినిపించింది. ఒక మగవాడు లేకుండా ఆడదాని బుర్రలో ఏదైనా ఉండగలదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నంబరు ఫోనుది కాకపోతే, దాన్ని నేర్పినవాడు ఉండాలి. ఆ సాయంత్రమే ఆయన మహ్దియాలో మా బెషీర్ అన్నయ్యకు ఫోను చేసి ఆదివారం రమ్మన్నాడు. లీసేలో లెక్కలు చెప్పే తిజానీ గారిని, మా వాడుకలో సీ తిజానీని, కూడా ఆదివారం కాఫీకి పిలిచాడు. తెలిసినవాడు చూసి చెప్తాడు, అన్నాడు. ఏం చెప్పాలో, ఏది తేలితే ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు. అన్నయ్య వ్యాన్‌లో రావాలని మాత్రం షెద్లీ ఫోనులో చెప్పాడు. నా సామాను పట్టేది.

ఆదివారం దాకా నాలుగు రోజులు. నా పనులు ఏవీ ఆగలేదు. శనివారం సంతకు సరుకుల జాబితా రాసుకుంటున్నాను. పెద్దమ్మాయి ఎమ్నా, అప్పుడు దానికి పదమూడేళ్ళు, నీళ్ళు తాగడానికి వచ్చి గ్లాసు పట్టుకుని నిలబడింది. నా చేతుల వైపు చూసింది. వాళ్ళ నాయనమ్మ చూపే అది.

“అమ్మా, అది ఎవరికి?” అంది.

ఉల్లిపాయలు, టమాటాలు, శనగలు అని రాసి ఉన్న కాగితం దాని చేతికిచ్చాను. చదివి తిరిగి ఇచ్చింది. సిగ్గుపడింది. అయినా వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఇంకోసారి వెనక్కి చూసింది. షెద్లీ నన్ను అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది, వదిన అన్నప్పుడు అసహ్యం వేసింది. నా కూతురు చూసినప్పుడు మాత్రం భయం వేసింది. దీని బుర్రలో రేపు ఏదైనా మొలిస్తే, ఇది కూడా పప్పు డబ్బా కింద పెట్టుకుంటుంది. లేదా ఇంకొకరి డబ్బా కింద వెతుకుతుంది.

నా విచారణకు వంట నేనే చేశాను. ఆదివారం భోజనానికి ఎనిమిది మంది. ఎండు ఆక్టోపస్ ముందు రోజే నానబెట్టి కూర చేశాను, బార్లీ కుస్కుస్ మూడుసార్లు ఆవిరి పట్టాను. నిమ్మకాయ ఊరగాయ, సలాడ్. అన్నయ్య వచ్చి చేతులు కడుక్కునే నెపంతో వంటింట్లోకి వచ్చాడు. ఒంటి మీద చేపల వాసన, కళ్ళ కింద నలుపు. గొంతు తగ్గించి అన్నాడు.

“నాకు నిజం చెప్పు. ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్. వాళ్ళకన్నా ముందు నాకు తెలిస్తే ఏదో ఒకలా సర్దుతాను.”

లెక్క అన్నయ్యా, ఉత్త లెక్క, అన్నాను. అన్నయ్య తల ఊపాడు. వల పని చేసే మా నాన్న పక్కన కూర్చుని నేను వల కన్నాలు లెక్కపెట్టడం చూసినవాడు. అయినా తల ఊపిన తీరులో నమ్మకం లేదు, దయ ఉంది. భోజనాల దగ్గర ఉప్పు తక్కువైందని అత్తయ్య అంది. అది నిజమే.

సీ తిజానీ మూడింటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, వేళ్ళకు సుద్ద మరకలు, మెడలో ఇంట్లో అల్లిన మఫ్లర్. ఆయనకు ఏం చెప్పి పిలిచారో తెలీదు. నేను కాఫీ ట్రే పెట్టి గోడ పక్కన నిలబడ్డాను. షెద్లీ పద్నాలుగు కాగితాలూ ఆయన ముందు పరిచాడు. సీ తిజానీ మొదటిది ఎత్తి, వెంటనే నవ్వాడు. పాత స్నేహితుణ్ణి వీధిలో చూసినట్టు నవ్వాడు.

ఇది ఒకటిని ఏడుతో భాగిస్తే వచ్చేదని, ఎప్పటి నుంచో లెక్కల పుస్తకాల్లో ఉన్నదేనని చెప్పాడు. ఫోను నంబరు కాదుగా, అని వదిన అడిగింది. కాదమ్మా, అన్నాడు. అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. కానీ షెద్లీ ఆగలేదు. ఇంట్లో ఉండే ఆడది తనంతట తాను ఇది కనిపెట్టగలదా అని అడిగాడు. సీ తిజానీ కప్పు తిప్పుతూ ఆలోచించాడు. కష్టమే, అన్నాడు. ఎక్కడైనా చూసుండొచ్చు, ఎవరైనా చెప్పుండొచ్చు. గదిలో మళ్ళీ అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. అప్పుడు ఆయన పదమూడుతో భాగించిన కాగితం తీసి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నన్ను అడగలేదు, షెద్లీకే చెప్పాడు.

“ఆవిణ్ణి అడగండి, ఏడుతో వచ్చినట్టు పదమూడుతో ఎందుకు రాదో.”

“ఎందుకు రాదో అడుగుతున్నారు,” అన్నాడు షెద్లీ, ఆయన అరబ్బీలో, నేను ఇంకేదో భాషలో మాట్లాడుతున్నట్టు.

నేను సీ తిజానీకే చెప్పాను. “రంజాన్‌లో మేం ఇరుగింటికి పళ్ళెం పంపుతాం కదండీ. వాళ్ళు ఖాళీ పళ్ళెం తిరిగివ్వరు, ఏదో ఒకటి పెట్టి ఇంకో ఇంటికి పంపుతారు. ఏడుతో భాగిస్తుంటే మిగిలేవి ఒకటి నుంచి ఆరు దాకా, ఆరిళ్ళు. ఒకటి ఇంట్లోంచి బయల్దేరిన పళ్ళెం మూడుకు వెళ్తుంది, మూడు నుంచి రెండుకు, ఆరుకు, నాలుగుకు, ఐదుకు. ఆరిళ్ళూ తిరిగి గానీ ఒకటి ఇంటికి రాదు. ఎవర్నీ వదిలిపెట్టదు. అందుకే ఏ ఇంటి నుంచి మొదలుపెట్టినా అవే అంకెలు. పదమూడుకు పన్నెండిళ్ళు. కానీ పళ్ళెం ఆరిళ్ళు తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. మిగతా ఆరిళ్ళూ వాళ్ళలో వాళ్ళే ఇంకో పళ్ళెం తిప్పుకుంటారు. రెండు జట్లు. వీళ్ళ పళ్ళెం వాళ్ళకు చేరదు.”

సీ తిజానీ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, నా కాగితం అంచున ఏదో రాసి చూసుకున్నాడు. కప్పు కింద పెట్టాడు.

“సీ షెద్లీ,” అన్నాడు, “ఈవిడకు ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే పుస్తకంలో మాటలు చెప్పేది. ఇరవై ఏడేళ్ళుగా ఈ లెక్క చెప్తున్నాను, ఈ పళ్ళెం నాకు తోచలేదు.” లేచి నిలబడి, అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగి, “క్షమించండి,” అన్నాడు. ఆయన ఎందుకు క్షమించమన్నాడో ఆ గదిలో నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు. క్షమాపణ అడిగిన మనిషి కూడా ఆయనొక్కడే.

ఆయన వెళ్ళగానే గది తేలికైంది. అన్నయ్య దేవుడికి దండం పెట్టుకున్నాడు. అత్తయ్య జపమాల అందుకుంది. వదిన, నాకు ముందే తెలుసు, మన నజీహా అలాంటిది కాదని, అంది. షెద్లీ కాగితాలన్నీ పోగుచేసి నా చేతికిచ్చాడు. ఆయన మొహం నిజంగానే సంతోషంగా ఉంది. పన్ను నొప్పి తగ్గిన మనిషిలా ఉన్నాడు.

“అయిపోయింది,” అన్నాడు. “ఇంక ఎవరూ దీని గురించి మాట్లాడొద్దు. నజీహా, ఇంకోసారి కాఫీ పెట్టు.”

నేను వంటింట్లోకి వెళ్ళాను. కాఫీ గిన్నెలో నీళ్ళు పోసి, మంట వెలిగించకుండా దాని ముందు నిలబడ్డాను. పదమూడు సంగతి నాకు తెలియకపోయి ఉంటే? ఏడు దాకా వచ్చి, అలిసిపోయి, ఎందుకలా జరుగుతుందో తేల్చకుండా వదిలేసి ఉంటే? అప్పుడు నేను తప్పు చేసినదాన్నయ్యేదాన్ని. నా పిల్లలు, నా పదహారేళ్ళు, అన్నీ ఒక భాగహారం మీద వేలాడాయి. నేను పరీక్షలో పాసయ్యాను కాబట్టి మళ్ళీ కాఫీ పెట్టే హక్కు దొరికింది. ఎవరో ఒకరు సిగ్గుపడతారేమోనని చెవులు రిక్కించి విన్నాను. ముందుగదిలో వాళ్ళు డీజిల్ ధర గురించి మాట్లాడుకుంటున్నారు.

గిన్నె దింపి పక్కన పెట్టాను. పడగ్గదిలోకి వెళ్ళి చిన్న సూట్‌కేసు తీశాను. నా బట్టలు నాలుగు జతలు, ఆరేళ్ళ రీమ్ బట్టలు కొన్ని. ఎమ్నా గుమ్మంలోకి వచ్చింది. దాన్ని మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను, వచ్చే శనివారం మీకు సెలవులిస్తారు, బెషీర్ మామయ్య వచ్చి నిన్నూ తమ్ముణ్ణీ తీసుకొస్తాడు. ఏమీ దాచకుండా చెప్పాను, నాన్న మీద కోపమొచ్చిందని, నా కాగితాలు నన్నడక్కుండా తీశారని, అది తప్పని. అది ఏడవలేదు. సూట్‌కేసు బిగుసుకుపోతే మూత మీద కూర్చుని బకిల్ నొక్కింది.

అన్నయ్య అప్పటికే వ్యాన్ తాళాలు చేత్తో పట్టుకుని వీడ్కోలు చెప్తున్నాడు. నేను రీమ్ చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, “అన్నయ్యా, ఆగు. నేనూ వస్తున్నా,” అన్నాను.

షెద్లీకి సూట్‌కేసు కనపడింది కానీ అర్థం కాలేదు. అంతా తేలిపోయిందిగా, ఇప్పుడెందుకు అన్నాడు. సంఖ్య సంగతి తేలింది, అన్నాను.  అత్తయ్య, ఇరుగుపొరుగు ఏమనుకుంటారని అంది.  వదిన నా సూట్‌కేసు వైపు చూసిన చూపు మాత్రం నేను ఎన్నడూ చూడనిది. ఆమె కూడా తొమ్మిదేళ్ళ కిందట ఒక సూట్‌కేసుతోనే వచ్చింది. తన అత్తింట్లో ఆమెను ఏం అడిగారో, ఏం తేల్చారో నేనెప్పుడూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇది జరిగి పదకొండేళ్ళు. నేను మహ్దియాలో అయిదు నెలలున్నాను. షెద్లీ నాలుగుసార్లు వచ్చాడు. మొదటి మూడుసార్లు, జరిగిందేదో జరిగింది అన్నాడు. నాలుగోసారి అన్నయ్య ముందు, ఆయన భార్య ముందు, పిల్లల ముందు, “నేను తప్పు చేశాను,” అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నేను చూశాను, అందుకే తిరిగి వెళ్ళాను. మరుసటి ఏడాది బయటి అభ్యర్థిగా బాకలోరియా రాశాను. తప్పాను. ఆ పై ఏడాది మళ్ళీ రాసి పాసయ్యాను. ఇప్పుడు పేటలో ఆడపిల్లలకు లెక్కలు చెప్తున్నాను. షెద్లీ మంచివాడే. కానీ నేను ఏదైనా రాస్తూ ఉంటే నా భుజం మీదుగా ఒక్కసారి చూసి గానీ వెళ్ళడు, ఇవాళ్టికీ. నేను కూడా మారాను. రాయడం మానలేదు, దాచడం మానేశాను.

ఆ ఆదివారం సాయంత్రం మహ్దియా రోడ్డు మీద అన్నయ్య వ్యాన్ నడుపుతున్నాడు. రీమ్ నా ఒళ్ళో నిద్రపోయింది. రెండు పక్కలా ఆలివ్ తోటలు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి. ఎల్ జెమ్ ఊరు దాటాక అన్నయ్య అడిగాడు. పాపం, నిజంగా తెలియకే అడిగాడు.

“ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పను? నువ్వు ఏ తప్పూ చెయ్యలేదని వాళ్ళే ఒప్పుకున్నారు. మరి ఎందుకొచ్చిందంటే?”

“తప్పు చేసుంటే అక్కడే ఉండి కాళ్ళు పట్టుకునేదాన్ని అన్నయ్యా. చెయ్యలేదు, అందుకే వచ్చాను.”